కారం లేని కూర

గది ఖాళీ అయిందన్న కబురు కోటేశ్వరికి కల్లంలో తెలిసింది. ఎండుమిరపకాయల మీద పట్టా కప్పుతూ, గాలికి లేచిపోతున్న కొసని మోకాలితో తొక్కిపెట్టి, కొంగుతో ముక్కు మూసుకుని ఉండగా నడుము దగ్గర దోపుకున్న ఫోను మోగింది. గుంటూరు నుంచి. పెద్దవాళ్ళని చేర్చుకునే హోమ్ మేనేజరు.

"అమ్మా, మీరడిగిన గది దొరికింది. కింది అంతస్తులోనే, బాత్రూం పక్కన. సోమవారం మీ అత్తగారిని తీసుకొచ్చెయ్యండి. వచ్చేముందు ఒకసారి డాక్టరుకి చూపించి, అంటుజబ్బులేమీ లేవని రాయించుకు రావాలి. అంతే."

"మంచిమాట చెప్పారండి," అంది కోటేశ్వరి.

దసరా నుంచి ఎదురుచూస్తున్న మాట అది. ఫోను పెట్టేసి పట్టా అంచున కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. నిద్ర వచ్చింది.

తాలు కాయలు ఏరుతున్న రెబ్కా తలెత్తింది. ప్రతి ఏడూ ఈ కల్లానికే పనికొచ్చే మనిషి. "ఏందక్కా, ఎవురు?"

"గది దొరికిందంట, మా అత్తమ్మకి."

రెబ్కా చేతిలో కాయని అటూ ఇటూ తిప్పి తెల్లబారినవాటి గుట్టలోకి విసిరింది. "పోన్లే. నువ్వన్నా కాస్త పండుకుంటావు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో జాలి ఉందో కనుక్కునే ఓపిక కోటేశ్వరికి లేకపోయింది.

ఈ కల్లంలో ఒకప్పుడు వెంకాయమ్మ కూర్చుంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. కాయని చూడకుండా, వేళ్ళతో నలిపి, ఇది తాలు, ఇది రంగుకాయ, ఇది ఇంకో ఎండకి ఆగాలి అని చెప్పేది. అటువంటి మనిషి కిందటేడు తాలంతా తెచ్చి మంచికాయల టిక్కీ బస్తాల్లో గుమ్మరించింది. గుంటూరు మిర్చి యార్డు నుంచి టిక్కీలన్నీ వెనక్కొచ్చాయి. ఎందుకలా చేశావమ్మా అని కొడుకు, కోటేశ్వరి మొగుడు ఆదెయ్య అడిగితే, "నేనా?" అంది. అబద్ధం ఆడే మొహం కాదది. నిజంగానే తెలియని మొహం.

అక్కణ్ణుంచి మొదలు. గ్యాస్ వెలిగించి వదిలేసేది. కోటేశ్వరిని పట్టుకుని "చిట్టీ" అని పిలిచేది. చిట్టి ఆవిడ చెల్లెలు, పోయి చాలాకాలమైంది. మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "అన్నం పెట్టవా?" అనేది. ఇవన్నీ ఒక ఎత్తు, రాత్రుళ్ళు ఒక ఎత్తు. కాళ్ళు లాగుతున్నాయంటుంది. పిక్కల్లో పురుగులు పాకుతున్నట్టుంది, పట్టు అంటుంది. పడితే కాసేపు ఊరుకుంటుంది. చెయ్యి తీస్తే లేచి నడుస్తుంది. మనిషి లేచి నడిస్తే వెనకాల ఇంకో మనిషి నడవాలి కదా. అలా నడిచీ నడిచీ కోటేశ్వరికి ఏ వేళప్పుడైనా కళ్ళు మూతలు పడుతుండేవి. మొన్నటికి మొన్న పాలు కాస్తూ నిలబడే నిద్రపోయింది.

గుంటూరులో పెద్ద డాక్టరు మెదడు ఫోటో తీయించి, వయసుతో వచ్చేదేనమ్మా, మరీ ముదరలేదు, జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. జాగ్రత్తగానే చూసుకుంది. ఇంకా ఎంత జాగ్రత్తగా చూడాలో ఆయన చెప్పలేదు.

పట్టా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి ఇంటికొచ్చేసరికి మేడమెట్ల కింద నవ్వులు వినిపించాయి. కొత్తకోడలు శ్రీరమ్య, వెంకాయమ్మ పక్కపక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా ఒకే స్టీలు గిన్నె. ఇద్దరి దవడలూ ఆడుతున్నాయి. కరకరమని చప్పుడు.

కోటేశ్వరి దగ్గరికొచ్చి చూసింది. గిన్నెలోవి పచ్చి బియ్యం.

బియ్యం డ్రమ్ముకి తాళం వేసింది కోటేశ్వరే. అత్తకి ఈ అలవాటు మొదలై ఏడాది దాటింది. కొంగున మూటకట్టుకుని, తలగడ కింద దాచుకుని, పగలంతా నములుతూ ఉంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చినప్పుడు బుగ్గన బియ్యం పెట్టుకుని ఆవిడ కూర్చుంటే కోటేశ్వరికి తల కొట్టేసినట్టుండేది. మతి పోయిందనడానికి ఇంకేం కావాలి అని చుట్టాలందరికీ చెప్పుకున్న గుర్తు అదే. ఇప్పుడు తాళంచెవి పెట్టిన చోటు కొత్తకోడలు కనిపెట్టింది.

"తాళం ఎందుకు తీశావమ్మా?"

శ్రీరమ్య లేచి నిలబడింది. బీఎస్సీ చదివిన పిల్ల. పెళ్ళయి ఆర్నెల్లు కూడా నిండలేదు. పొద్దున లేస్తే ముగ్గు బాగా వచ్చిందని ఫోటో తీస్తుంది, కల్లంలో ఎర్రటి కాయల మధ్య తెల్లకొంగ వాలిందని మొగుడికి ఆఫీసుకి ఫోన్ చేసి చెబుతుంది. చైతన్యకృష్ణ కూడా పని మానుకుని వింటాడు కాబోలు. ఆ ఇంట్లో నవ్వే మనుషులు ప్రస్తుతానికి వాళ్ళిద్దరే.

"నాయనమ్మగారు అడిగారు అత్తయ్యా. గుప్పెడే తీశా."

"మరి నువ్వెందుకు తింటున్నావు?"

"ఆవిడకి తోడుగా," అంది శ్రీరమ్య. అని, నోట్లోవి గబగబా మింగి, "నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే. అందుకే గదా పెళ్ళిలో వాన పడింది."

బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని ఆడపిల్లల్ని అదిలించడం ఆ పక్క ఇళ్ళల్లో మామూలే. శ్రీరమ్య పెళ్ళికి తుపాను వచ్చి షామియానా పడిపోయింది. తలంబ్రాలు పళ్ళెంలో కన్నా వాన నీళ్ళలోనే ఎక్కువ తేలాయి. ఇప్పటికీ ఆ వీడియో చూసి ఆ పిల్ల పడీపడీ నవ్వుతుంది.

వెంకాయమ్మ కూడా నవ్వింది. పాలిపోయిన పెదాలు, పాలిపోయిన చిగుళ్ళు. "నా పెళ్ళికీ పడింది చిట్టీ," అంది కోటేశ్వరిని చూసి.

"సరేలే, లేవండి. డాక్టరు దగ్గరికి పోవాలి," అంది కోటేశ్వరి. కోప్పడటానికి కూడా ఓపిక ఉండాలి.

గిన్నె తీసుకుని లోపలికి వస్తూ శ్రీరమ్య గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఒక్కమాట. హాస్టల్లో ఉన్నప్పుడు నేను రోజూ ఇంత బియ్యం తినేదాన్ని. బలపాలు కూడా. క్లాసులో విన్నది విన్నట్టే మరిచిపోయేదాన్ని. రాత్రుళ్ళు కాళ్ళు లాగేవి. కాలేజీలో అందరికీ రక్తం చూస్తే నాకు బాగా తక్కువుంది. ఇనుము తక్కువైతే ఇట్లాంటివి తినబుద్ధేస్తుందంట. బిళ్ళలు వేసుకున్నాక ఆ యావ దానంతటదే పోయింది."

"నువ్వు చిన్నపిల్లవి. ఆవిడ ముసలామె."

"ముసలాళ్ళకి రక్తం ఉండక్కర్లేదా?"

కోటేశ్వరి గిన్నెలో మిగిలిన బియ్యం డ్రమ్ములో పోసి మళ్ళీ తాళం వేసింది. ఏదైనా కొత్త ఆశ పెట్టుకోవాలంటే దానికీ కాస్త బలం కావాలి. ఆమె దగ్గర మిగిలిన బలమంతా సోమవారం దాకా నెట్టుకురావడానికే సరిపోతుంది.

డాక్టర్ అలేఖ్య బస్టాండు ఎదురుగా మందులషాపు మేడ మీద కూర్చుంటుంది. కోటేశ్వరి విషయం చెప్పింది. అంటుజబ్బులేమీ లేవని రాసిస్తే చాలు అంది. డాక్టరు రాయడానికి పెన్ను తీసింది గానీ, ఎదురుగా బల్ల మీద చాపిన వెంకాయమ్మ చేతుల్ని చూసి ఆగింది. గోళ్ళు పైకి ఉబ్బి ఉండాల్సింది, మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. నీటిబొట్టు వేస్తే నిలిచేట్టున్నాయి. కంటి కింది రెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది.

"బియ్యం కూడా తింటారండి, పచ్చివి," అంది వెనక నుంచి శ్రీరమ్య. కోటేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల చూపు తప్పించుకోలేదు.

"ఏం తింటారమ్మా రోజూ మీ అత్తగారు?" అంది డాక్టరు.

ఈ ప్రశ్నకి మాత్రం కోటేశ్వరి దగ్గర నిండుగా జవాబుంది. "తిండికేం లోటు చెయ్యడం లేదండి. మూడేళ్ళ కిందట కడుపులో మంటని మంచాన పడితే, కారం ముట్టనివ్వొద్దన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కారం నోట పెట్టలేదు. పొద్దున పాలూ బ్రెడ్డు, మధ్యాన్నం పెరుగన్నం, రాత్రి పెరుగన్నం. మధ్యలో టీ ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు."

"కూర?"

"చెప్పాగదండి, కారం పెట్టడం లేదని."

"అదే, కారం లేకుండా కూర. పప్పు, ఆకుకూర, గుడ్డు?"

కోటేశ్వరికి నవ్వొచ్చింది. "కారం లేకుండా కూరేందండి?"

ఎవరూ నవ్వలేదు. డాక్టరు పెన్ను మూత పెట్టింది. పక్కన శ్రీరమ్య నేల చూస్తోంది. కిందెక్కడో బస్సు కండక్టరు చిలకలూరిపేట, చిలకలూరిపేట అని అరుస్తున్నాడు. తనన్న మాట తనకే మెల్లిగా తిరిగొచ్చి వినపడ్డట్టయింది కోటేశ్వరికి. వాళ్ళింట్లో పప్పులో ఎండుమిరపకాయలు పడతాయి. తోటకూరలో పచ్చిమిరపకాయలు పడతాయి. గోంగూర గురించి చెప్పేదేముంది. కోడిగుడ్డు ఉడికించినా కారంలో పొర్లించందే పళ్ళెంలోకి రాదు. కారం మానమంటే ఆ ఇంట్లో కూరే మానేసినట్టు. ఆ సంగతి మూడేళ్ళలో ఎవరికీ తట్టలేదు.

డాక్టరు తిట్టలేదు. నెమ్మదిగానే చెప్పింది. పెరుగులో, పాలల్లో ఇనుము ఉండీ ఉండనట్టే. పక్కన టీ పడితే, తిన్న దాంట్లో ఉన్న కాస్త ఇనుము కూడా ఒంటికి పట్టదు. ఇనుము లేకపోతే రక్తం పలచబడుతుంది. రక్తం పలచబడితే మెదడుకి అందాల్సిన గాలి అందదు. కుర్రవాళ్ళయితే తట్టుకుంటారు. పెద్దవాళ్ళ మెదడు తట్టుకోలేదు. మరుపు, చిరాకు, కాళ్ళు లాగడం, నిద్ర లేకపోవడం అన్నీ వస్తాయి.

"అయితే మతిమరుపు జబ్బు కాదంటారా?" అంది కోటేశ్వరి.

"అలా అనలేను. అది కొంత, ఇది కొంత అయి ఉండొచ్చు. రక్తం ఇచ్చి వెళ్ళండి. రేపు పొద్దున ఫోన్ చేస్తాను."

ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. పన్నెండు ఉండాల్సిన రక్తం ఆరు దగ్గరుంది. ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటిపోయింది. సోమవారమే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి నరం ద్వారా ఇనుము ఎక్కించాలి, కడుపులో ఎక్కడైనా పుండు పడి రక్తం పోతోందేమో కూడా చూడాలి, ఉత్తరం రాసి పెడతాను అంది డాక్టరు. ఎంతవరకు తేరుకుంటారు అని అడిగితే, "కాళ్ళు లాగడం తగ్గుతుంది, ఓపిక వస్తుంది. మరుపు ఎంత తగ్గుతుందో రెండు మూడు నెలలు చూస్తేగానీ తెలీదమ్మా. ఆశ పెట్టుకోండి, మొత్తం పెట్టుకోకండి," అంది.

ఆదెయ్య తోటకి మందు కొట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. విన్నాడు. చేతికంటిన మందు వాసన చూసుకుంటూ, "పొద్దున ఆ తూర్పు మడిలో ఆకు పసుపు తిరిగిందని ఇనుము కలిపి కొట్టి వచ్చాను," అన్నాడు. "ఆకు చూసి చెబుతాను నేను. మా అమ్మ గోళ్ళు చూడలా."

కాసేపటికి తనే తేరుకుని, "సరే. ఎట్లాగూ రేపు గుంటూరు పోవాల్సిందే గదా. ఆసుపత్రిలో చూపించి, అటునుంచి అటే హోమ్‌లో దింపుదాం. అక్కడా మందులిస్తారు. అక్కడ నర్సు ఉంటది. నీకంటే బాగా చూస్తారని కాదు కోటేశ్వరీ. నిన్ను చూడు, ఎట్లా అయిపోయావో."

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే కోటేశ్వరి కూడా అనుకుంటోంది. నిన్న డాక్టరు దగ్గర నుంచి వస్తూ ఆటోలో అనుకుంది, రాత్రి అత్త కాళ్ళు పిసుకుతూ అనుకుంది. ఇంతకాలం చూసింది, ఇంకో రెండు నెలలు చూడాలంటే వాటిలో ఎన్ని రాత్రులుంటాయి. ఈ గది పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది. దొరక్క, అత్త కూడా తేరుకోకపోతే అప్పుడు ఎవరిని అడగాలి.

"సాయంత్రంలోగా వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి," అన్నాడు ఆదెయ్య. "నీ ఇష్టం. నీదే గదా చాకిరీ."

మధ్యాహ్నం శ్రీరమ్య దొడ్లో తోటకూర కోసుకొచ్చి కడిగి చిల్లులగిన్నెలో వేసింది. నీళ్ళు కారుతున్న ఆకుల్ని చూసి, "అత్తయ్యా, కింద ఎరుపు, పైన ఆకుపచ్చ, పెళ్ళిచీర అంచులా లేదూ?" అంది. కోటేశ్వరి ఆకు వంక చూసింది. ఉంది నిజమే.

మూకుడు పొయ్యి మీద పెట్టి నూనె పోసింది. చెయ్యి దానంతటదే పోపులపెట్టెలో ఎండుమిరపకాయల మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. పచ్చిమిరపకాయల బుట్ట వైపు చూసింది. కారం డబ్బా వైపు చూసింది. ఏళ్ళ తరబడి వండిన వంటిల్లు ఉన్నట్టుండి పరాయి ఇల్లయిపోయింది. నూనె పొగలు కక్కుతోంది.

"ఇందులో ఏమెయ్యాలి?" అంది, ఎవరినీ కాదు.

శ్రీరమ్య ఫోన్ తీసింది. "ఉండండి, వెతుకుతా."

"పొయ్యి తగ్గించవే, మాడుద్ది," అంది గుమ్మం దగ్గర నుంచి వెంకాయమ్మ.

ఎప్పుడొచ్చిందో వచ్చి గడప మీద కూర్చుంది. రెండు కాళ్ళూ చాపుకుని, పిక్కల మీద తనే చేత్తో రాసుకుంటోంది. కోటేశ్వరి మంట తగ్గించింది.

"వెల్లుల్లి చితక్కొట్టి వెయ్యి. జీలకర్ర. మిరియాలు నూరి చివర్లో చల్లు, కాస్తే. నెయ్యి వెయ్యి మరిచిపోకుండా. పెసరపప్పు నానేశావా?"

"లేదు అత్తమ్మా."

"నానెయ్యాలి. లేకపోతే అరగదు."

కోటేశ్వరి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడింది. "కారం లేకుండా నీకెట్లా తెలుసు అత్తమ్మా?"

వెంకాయమ్మ ఆ ప్రశ్నకే విసుక్కుంది. "బాలింతకి కారం పెడతారటే ఎవరన్నా? నీకు పెట్టానా నేను? చైతన్యగాడు పుట్టినప్పుడు మూడో నెల దాకా ఇదే కూర తిన్నావు. రెండు రోజులు తిని ఏడ్చావు, ఏంది ఈ గడ్డి అని. తర్వాత మూకుడు ఊడ్చి పెట్టమన్నావు."

శ్రీరమ్య ఫోన్ పక్కన పెట్టేసింది.

కోటేశ్వరికి గుర్తొచ్చింది. కుంపటి, చంటిపిల్లాడి నూనె వాసన, మంచం పక్కనే మూతపెట్టిన కంచుగిన్నె. రోజూ రెండుపూటలా ఈవిడే వండి, ఈవిడే తెచ్చి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. కారం లేని కూర ఈ ఇంట్లో వండారు. తను తిన్నది. తినిపించినావిడకి గుర్తుంది. మరిచిపోయింది తనే.

ఆకు మగ్గింది. చెప్పినట్టే మిరియాలు చల్లి, నెయ్యి వేసి, ముద్ద కలిపి తెచ్చి గడప దగ్గర చతికిలబడింది. వెంకాయమ్మ తిని, చప్పరించి, "ఉప్పు చాల్లేదు," అంది. ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

"బాగుందా నాయనమ్మా?" అంది శ్రీరమ్య.

"దీని మొహం, బాగుండటానికేముంది. నాకు సగం పళ్ళే లేవు. మెత్తగా ఉంది, పోతంది." తిన్నాక మూతి తుడుచుకుని కోటేశ్వరి వంక చూసింది. "టీ పెట్టు చిట్టీ."

చిట్టి. మళ్ళీ చిట్టే. శ్రీరమ్య మొహంలో వెలుగు కాస్త తగ్గింది. కోటేశ్వరికి మాత్రం అది దెబ్బలా తగల్లేదు. రేపు ఇనుము ఎక్కించినా ఈవిడ తనని చిట్టీ అనే పిలవొచ్చు. గ్యాస్ మళ్ళీ వదిలెయ్యొచ్చు. డాక్టరు మొత్తం ఆశ పెట్టుకోవద్దంది. మొత్తం పెట్టుకునే మనిషి ఈ ఇంట్లో శ్రీరమ్య ఒక్కతే, ఆ పిల్ల పెట్టుకోనీ. తనకి ఒక ముద్దంత చాలు.

"టీ ఇప్పుడు కాదు అత్తమ్మా. పొద్దుగూకాక ఇస్తా."

"ఎందుకని?"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఆమెకేం తెలుసు," అంది వెంకాయమ్మ, కానీ గొడవ చెయ్యలేదు.

చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని కోటేశ్వరి అరుగు మీదికొచ్చింది. ఆదెయ్య పేపరు మొహాన కప్పుకుని పడుకుని ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు. ఆమె ఫోన్ తీసి హోమ్ మేనేజరుకి చేసింది.

"ఆ గది ఇంకెవరికన్నా ఇచ్చెయ్యండి. ... లేదండి, ఇంకో హోమ్ చూసుకోలా. మా అత్తమ్మకి వైద్యం నడుస్తోంది. కొన్నాళ్ళు చూస్తాను. నావల్ల కాకపోతే మళ్ళీ మిమ్మల్నే అడుగుతా, అప్పుడు కాదనకండి."

ఆదెయ్య పేపరు తీశాడు. "ఓపిక ఉందా నీకు?"

"లేదు," అంది కోటేశ్వరి. "రాత్రి కాళ్ళు పట్టే వంతు మీది. ఒక పూట మీరు, ఒక పూట నేను. చైతన్య ఇంట్లో ఉన్నరోజు వాడు."

"నేను కూడా," అంది గుమ్మంలోంచి శ్రీరమ్య. "కబుర్లు చెబుతూ పడతా."

"నువ్వు కబుర్లు చెబితే ఆవిడ అసలు నిద్రపోదు," అన్నాడు ఆదెయ్య. ఆ రోజులో మొదటిసారి అతని మొహం కాస్త సడలింది.

కోటేశ్వరి అరుగు స్తంభానికి జారబడింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పడనిచ్చింది. మూసుకున్న కళ్ళతోనే చెప్పింది.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి గుంటూరు. ఆసుపత్రికే. బట్టల పెట్టె సర్దక్కర్లేదు, ఒక దుప్పటి చాలు. చీకటి పడేలోగా ఇంటికి తెచ్చేస్తాం. రమ్యా, నువ్వు ఇక్కడే ఉండి పెసరపప్పు నానబెట్టు, తోటకూర కోసి ఉంచు. నేనొచ్చి వండుతా. ఎట్లా వండాలో మా అత్తమ్మ చెబుద్ది."